సూర్యాపేట పిన్‌కోడ్ 508213: ఒక ప్రధాన సంఖ్య కథ

సూర్యాపేటకు వెళ్లే ఉత్తరాల మీద, కొరియర్ పొట్లాల మీద రోజూ కనిపించే ఆరంకెలు 508213. ఈ సంఖ్యను ఒకటితోనూ, అదే సంఖ్యతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేం. అంటే ఇది ప్రధాన సంఖ్య. తపాలా శాఖ కావాలని ఎంచి ఇచ్చింది కాదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ విధానం మొదలైనప్పుడు ఉత్తరాలను ఏ సంచిలో వేయాలన్నదే ప్రశ్న. మొదటి మూడు అంకెలు ఉత్తరాలు వేరుచేసే ప్రాంతాన్ని, చివరి మూడు పోస్టాఫీసును తెలుపుతాయి. ఆ లెక్కన ఉమ్మడి నల్లగొండ వైపు 508తో, ఉమ్మడి పాలమూరు వైపు 509తో కోడ్‌లు మొదలయ్యాయి. ఆ వరసలో సూర్యాపేట వాటాకు ఒక ప్రధాన సంఖ్య వచ్చి పడింది.

ఇది చెప్పడానికి ఒక వాక్యం చాలు. అసలు విషయం అది ఎలా తెలిసిందన్నది. ఒక సంఖ్య ప్రధానమో కాదో దాని ముఖం మీద రాసి ఉండదు. దాన్ని తేల్చడానికి గణితం నాలుగు వందల ఏళ్లుగా ఎన్ని దారులు వేసిందో, ఈ చిన్న సంఖ్య మీదే దాదాపు అన్నీ చూడవచ్చు. ప్రపంచంలో ఇప్పటివరకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యను పట్టిందీ ఇవే దారుల్లో.

ముందుగా చుట్టుపక్కల ఊళ్లు. కోదాడ 508206, భువనగిరి 508116, దేవరకొండ 508248, నారాయణపేట 509210 సరి సంఖ్యలు, కాబట్టి రెండుతోనే తెగుతాయి. గద్వాల 509125 చివర అయిదు ఉంది. మహబూబ్‌నగర్ 509001లో అంకెలు కూడితే 15, కనుక మూడుతో పోతుంది. వనపర్తి 509103, జడ్చర్ల 509301 రెండింటిలోనూ అంకెల మొత్తం 18, అవి తొమ్మిదితో పోతాయి. ఇంతవరకు నోటిలెక్కే. మిర్యాలగూడ 508207 కాస్త గట్టిగా కనిపిస్తుంది కానీ ఏడు దగ్గరే లొంగిపోతుంది: అది 7 × 79 × 919. నల్లగొండ 508001కి 13 దాకా వెళ్లాలి: 13 × 23 × 1699.

నాగర్‌కర్నూల్ 509209 దగ్గర ఓపిక పరీక్ష మొదలవుతుంది. మూడు, ఏడు, పదకొండు, పదమూడు ఏవీ పనిచేయవు. వందలోపు ఉన్న ప్రధాన సంఖ్యలు 25, వాటిలో ఒక్కటీ దీన్ని భాగించదు. రెండు వందలు దాటినా అంతే. ఇక ఇది ప్రధానమే అనుకోబోయే సమయానికి, 57 ప్రధాన సంఖ్యలు విఫలమయ్యాక, 58వది అయిన 271 దగ్గర శేషం సున్నా వస్తుంది. 271 × 1879 = 509209. ఆ రెండూ ప్రధానాలే. ఇలాంటి సంఖ్యను చూసినప్పుడు అర్థమవుతుంది, కారణాంకం దొరకలేదన్నంత మాత్రాన ప్రధానమని చెప్పకూడదని.

అయితే ఎంతవరకు వెతకాలి? వర్గమూలం దాకా. 508213 వర్గమూలం సుమారు 712.89, అంటే 713కు కాస్త తక్కువ. ఒక సంఖ్య రెండు ముక్కల లబ్ధమైతే రెండూ వర్గమూలానికి మించి ఉండలేవు. కాబట్టి 712 లోపున్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూస్తే చాలు. 2 నుంచి 709 వరకు అవి సరిగ్గా 127. సూర్యాపేట సంఖ్య ఆ 127 భాగహారాల్లోనూ శేషం మిగులుస్తుంది. 19తో భాగిస్తే ఒకటి, 47తో భాగిస్తే రెండు, 593తో భాగిస్తే 12, చివరి 709తో భాగిస్తే 569. కాగితం, పెన్ను ఉంటే ఒక మధ్యాహ్నం పని.

నల్లగొండ బత్తాయి తోట మాటల్లో దీన్నే ఇంకోలా చెప్పవచ్చు. పన్నెండు మొక్కలను మూడు సాళ్లు, నాలుగేసి మొక్కలుగా నాటవచ్చు. పదమూడు మొక్కలుంటే ఒకే సాలు, లేదా కొన్ని మిగలడం. 508213 మొక్కలు తెచ్చి ఏ దీర్ఘచతురస్రంగా నాటబోయినా చివర కొన్ని మిగులుతాయి. ఎన్ని సాళ్లు వేసినా అంతే.

ఇలాంటి సంఖ్యలు అరుదా? ఆరంకెల సంఖ్యలు తొమ్మిది లక్షలు, వాటిలో ప్రధానాలు 68,906. అంటే సుమారు పదమూడింటికి ఒకటి. చివర 1, 3, 7, 9 ఉన్నవాటిని మాత్రమే తీసుకుంటే దాదాపు అయిదింటికి ఒకటి. సంఖ్యలు పెరిగేకొద్దీ ప్రధానాలు పలచబడతాయి, కానీ చాలా నెమ్మదిగా. నూరంకెల సంఖ్యల్లో కూడా సగటున 230కి ఒకటి దొరుకుతుంది. ఎక్కడా ఆగిపోవు, ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే నిరూపించాడు.

127 భాగహారాలు చేతితో చేయగలిగినవే. కానీ అంకెలు పెరిగితే ఈ పద్ధతి కుప్పకూలుతుంది. రెండంకెలు పెరిగిన ప్రతిసారీ వర్గమూలం పదింతలవుతుంది. నలభై అంకెల సంఖ్యకు ఇరవై అంకెల దాకా వెతకాలి. క్షణానికి వంద కోట్ల భాగహారాలు చేసే కంప్యూటర్‌కైనా అది వందల ఏళ్ల పనిలోకి, ఒక్కో అంకె పెరిగేకొద్దీ అంతకు మించిన పనిలోకి పోతుంది. వెతకడం మాని వేరే దారి పట్టాలి.

ఆ దారి 1640లో ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే న్యాయాధికారి రాసిన ఉత్తరంలో కనిపించింది. ఒక ప్రధాన సంఖ్యను తీసుకుని, దానికంటే ఒకటి తక్కువైనన్ని రెండులను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధాన్ని ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం ఎప్పుడూ 1 వస్తుంది. మొదటి ప్రధానమైన రెండును మాత్రం పక్కన పెట్టాలి. ఉదాహరణకు ఏడు: ఆరు రెండుల లబ్ధం 64, ఏడుతో భాగిస్తే శేషం ఒకటి. దీన్ని తిప్పి చదివితే పరీక్ష అవుతుంది. శేషం ఒకటి రాకపోతే ఆ సంఖ్య ప్రధానం కాదు.

నాగర్‌కర్నూల్ సంఖ్యకు ఈ పరీక్ష పెట్టి చూస్తే, 509208 రెండుల లబ్ధాన్ని 509209తో భాగించినప్పుడు శేషం 219816. ఒకటి కాదు. అంతే, తీర్పు వచ్చేసింది. 271 అన్న కారణాంకం మనకు తెలియనే తెలియదు, దాని జోలికి పోలేదు, అయినా ఆ సంఖ్య చీలుతుందని ఖాయంగా తెలిసిపోయింది. చీలుతుందని తెలియడం వేరు, ఎక్కడ చీలుతుందో తెలియడం వేరు. ఈ తేడా చిన్నదిగా అనిపించవచ్చు గానీ సంఖ్యాశాస్త్రంలో ఇంత లోతైన విషయాలు కొన్నే. నేటి రహస్య లిపి శాస్త్రంలో ఒక పెద్ద భాగం దీని మీదే నిలబడి ఉంది. మూడు వందల అంకెల ప్రధానాలను రెండింటిని ఎంచి గుణించడం మామూలు కంప్యూటర్‌కు చిటికెలో పని. ఆ లబ్ధాన్ని చూసి రెండింటినీ విడదీయడం ఎవరికీ చేతకాలేదు. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఆ తేడానే తాళంగా మార్చింది. ఆ పద్ధతికి సవాలుగా పెట్టిన 250 అంకెల సంఖ్య ఒకటి 2020లో గానీ విడిపోలేదు, అదీ ఎన్నో కంప్యూటర్లను కలిపి నడిపితే.

అయిదు లక్షల రెండులను గుణించడం అంటే భయపడాల్సిన పని లేదు. వరసగా గుణించనక్కరలేదు, వర్గం చేసుకుంటూ పోతే చాలు. 31 రెండుల లబ్ధం 2147483648. దీన్ని 508213తో భాగిస్తే శేషం 283723. ఆ శేషాన్ని వర్గం చేసి మళ్లీ భాగిస్తే 342594. ఇది 62 రెండుల లబ్ధానికి శేషం. ఇలా ఒక్కో అడుగుకు రెండుల సంఖ్య రెట్టింపవుతుంది. అవసరమైన చోట మరో రెండుతో గుణించాలి. ఎక్కడా సంఖ్య ఆరంకెలు దాటి నిలవదు. మొత్తం పద్దెనిమిది వర్గాలు చాలు. 127053 రెండుల దగ్గర శేషం 413163. ఇంకో అడుగులో, 254106 రెండుల దగ్గర, శేషం 508212. అంటే భాజకానికి సరిగ్గా ఒకటి తక్కువ. మరో వర్గం చేస్తే ఒకటి వచ్చేస్తుంది. 127 భాగహారాలకు బదులు పద్దెనిమిది అడుగులు. అంకెలు రెట్టింపైతే భాగహారాలు లెక్కకు అందకుండా పోతాయి, ఈ అడుగులు మాత్రం రెట్టింపే అవుతాయి.

అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది. శేషం ఒకటి రాకపోతే ప్రధానం కాదన్నది నిజం. శేషం ఒకటి వస్తే ప్రధానమే అన్నది మాత్రం నిజం కాదు. 561 చూడండి. అది 3 × 11 × 17. కానీ 560 రెండుల లబ్ధాన్ని 561తో భాగిస్తే శేషం ఒకటే. రెండుకు బదులు అయిదు, ఏడు వంటివి పెట్టినా అదే ఫలితం. ఇలాంటి మారువేషాల సంఖ్యలు అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు. కాబట్టి సూర్యాపేట సంఖ్య ఈ పరీక్ష నెగ్గడం బలమైన సూచనే గానీ రుజువు కాదు.

రుజువుకు 1914లో పాక్లింగ్టన్ అనే గణితజ్ఞుడు చూపిన దారి ఉంది, అది 508213కు ముచ్చటగా సరిపోతుంది. సంఖ్యను వదిలి దాని కింది మెట్టును చూడాలి. 508212ను విడదీస్తే 2 × 2 × 3 × 3 × 19 × 743. ఇందులో 743 అనే ప్రధానం వర్గమూలమైన 712 కంటే పెద్దది. కీలకం అదే. ఇప్పుడు 508213కు ఏదో కారణాంకం ఉందనుకుందాం. అప్పుడు 712 లోపు ఒక ప్రధాన కారణాంకం ఉండి తీరాలి. ఆ కారణాంకంతో రెండుల ఘాతాలను భాగిస్తూ పోతే శేషాలు చక్రంలా తిరిగి ఒకటికి వస్తాయి. ఆ చక్రం పొడవు కారణాంకం కంటే చిన్నది, కాబట్టి 743 కంటే చిన్నది. అదే చక్రం 508212ను కూడా నిశ్శేషంగా భాగించాలి, ఎందుకంటే 508212వ ఘాతం దగ్గర శేషం ఒకటే అని చూశాం. 743ను తనలో ఇముడ్చుకోలేని చక్రం మిగతా భాగమైన 684ను భాగించక తప్పదు. అంటే 684 రెండుల లబ్ధం దగ్గరే ఆ కారణాంకానికి శేషం ఒకటి రావాలి. లెక్క వేస్తే, 684 రెండుల లబ్ధాన్ని 508213తో భాగించినప్పుడు శేషం 41445. కాబట్టి ఆ ఊహా కారణాంకం 41444ను భాగించాలి. 41444 అంటే 2 × 2 × 13 × 797. రెండు గానీ, పదమూడు గానీ, 797 గానీ 508213ను భాగించవు. ఊహించిన కారణాంకం నిలవడానికి చోటు లేదు. 508213 ప్రధానం. ఒక్క భాగహారాన్ని వెతుకులాటగా చేయకుండానే రుజువైంది.

ఇలాంటి రుజువుల్లో ఒక హుందాతనం ఉంది. 743, 41445 అన్న రెండు సంఖ్యలు చేతిలో పెడితే చాలు, ఎవరైనా నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. ఇబ్బంది ఒకటే: కింది మెట్టు సంఖ్యను విడదీయగలగాలి, అది పెద్ద సంఖ్యలకు అన్నిసార్లూ సాధ్యం కాదు. ఏ సంఖ్యకైనా, అదృష్టం మీద ఆధారపడకుండా, సహేతుకమైన కాలంలో కచ్చితమైన తీర్పు చెప్పే పద్ధతి ఉందా అన్న ప్రశ్న చాలాకాలం తెరిచే ఉంది. దానికి జవాబు 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి వచ్చింది. మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తి చేసిన ఇద్దరు విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఆ పద్ధతి చూపారు. పైన ఫెర్మా చెప్పిన మాటనే సంఖ్యల నుంచి బహుపదులకు తీసుకెళ్లారు. ప్రపంచమంతా చదివిన ఆ వ్యాసం కొద్ది పేజీలే. డిగ్రీ స్థాయి బీజగణితం తెలిసినవారు అనుసరించగలిగేలా ఉండటం దాని గొప్ప గుణం.

508213కు మరో సొగసు ఉంది. నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. అలాంటి ప్రతి ప్రధానం రెండు వర్గాల మొత్తంగా, ఒకే ఒక్క విధంగా, రాయవచ్చని ఫెర్మా 1640 డిసెంబరు 25న మెర్సెన్ అనే మతాచార్యుడికి రాసిన లేఖలో పేర్కొన్నాడు. రుజువు ఇవ్వడానికి శతాబ్దం తర్వాత ఆయిలర్ అనే గణితజ్ఞుడు రావలసి వచ్చింది. మరి 508213కు ఆ రెండు వర్గాలు ఏవి? పైన 127053 రెండుల దగ్గర వచ్చిన 413163ను 508213 నుంచి తీసేస్తే 95050. దాని వర్గానికి ఒకటి కలిపితే 9034502501. అది సరిగ్గా 508213 × 17777. ఇప్పుడు 508213ను 95050తో భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ 95050ను, ఇలా ఒకదానితో ఒకదాన్ని భాగిస్తూ పోవాలి. ఆర్యభటుడు కుట్టకంలో వాడిన పరస్పర భాగహారమే ఇది. శేషాలు వరసగా 32963, 29124, 3839, 2251, 1588, 663, 262. వర్గమూలమైన 712 కిందికి మొదటిసారి దిగినది 663, దాని వెంటే 262. అవే కావలసినవి. 663 వర్గం 439569, 262 వర్గం 68644, రెండూ కలిపితే 508213.

బత్తాయి మొక్కలు దీర్ఘచతురస్రంగా ఒదగలేదు కదా. రెండు చదరపు మడులుగా అయితే ఒక్క మొక్క మిగలకుండా ఒదుగుతాయి: ఒకటి 663 సాళ్లు, ఒకటి 262 సాళ్లు. ఈ పంపకం కాక రెండు చదరాలుగా మరో పంపకం లేదు. పక్కనున్న నల్లగొండ సంఖ్యకు ఈ భాగ్యం లేదు. దాని కారణాంకాల్లో ఉన్న 23ను నాలుగుతో భాగిస్తే శేషం మూడు, పైగా అది ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్కటి చాలు, 508001 ఏ రెండు వర్గాల మొత్తమూ కాలేదు.

ఫెర్మా లేఖ అందుకున్న మెర్సెన్ పేరే తర్వాత ఒక జాతి ప్రధాన సంఖ్యలకు స్థిరపడింది. కొన్ని రెండులను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేవి: 3, 7, 31, 127. రెండుల సంఖ్య కూడా ప్రధానమైతేనే ఫలితం ప్రధానమయ్యే అవకాశం ఉంది, అప్పుడు కూడా చాలాసార్లు కాదు. పదకొండు రెండుల నుంచి వచ్చే 2047 అంటే 23 × 89. 67 రెండుల నుంచి వచ్చేది ప్రధానమని మెర్సెన్ 1644లో రాశాడు. 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ దాన్ని 193707721 × 761838257287గా విడదీసి చూపాడు.

2024 అక్టోబరులో ఈ జాతిలో 52వది బయటపడింది: 13,62,79,841 రెండుల లబ్ధం నుంచి ఒకటి తక్కువ. 4,10,24,320 అంకెలు. క్షణానికి ఒక అంకె చొప్పున ఆగకుండా చదివితే 475 రోజులు పడుతుంది. 1996లో మొదలైన జింప్స్ అనే స్వచ్ఛంద అన్వేషణలో లూక్ డ్యురాంట్ దాన్ని కనుగొన్నారు. ఆ వేటలో ముందు నడిచింది సూర్యాపేట సంఖ్యకు పెట్టిన ఫెర్మా తరహా పరీక్షే. అది నెగ్గాక లూకా–లేమర్ పరీక్షతో ధ్రువపరిచారు. ఈ రెండో పరీక్ష మెర్సెన్ సంఖ్యలకే ప్రత్యేకం, చేయడం ఎంతో తేలిక. 31కి చూద్దాం: నాలుగుతో మొదలుపెట్టి వర్గం చేసి రెండు తీసేస్తే 14, మళ్లీ చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8, మళ్లీ చేస్తే 62, దానికి శేషం సున్నా. అయిదు రెండుల సంఖ్యకు మూడు అడుగుల్లో సున్నా వచ్చింది, కాబట్టి 31 ప్రధానం. ఆ మహాసంఖ్యకూ ఇదే తంతు, అడుగులు మాత్రం 13,62,79,839.

అంత పెద్ద సంఖ్య చివరి అంకె చెప్పడానికి కంప్యూటర్ అక్కరలేదు. రెండుల ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతూ ఉంటాయి. 13,62,79,841 చివరి 41ని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి, కాబట్టి లబ్ధం చివర రెండు, ఒకటి తీసేస్తే ఒకటి. చివరి రెండు అంకెలు కూడా ఇదే తీరున 51 అని తేలుతుంది.

ఆ 51ని నాలుగుతో భాగిస్తే మిగిలేది మూడు. మెర్సెన్ ప్రధానాలన్నింటికీ అంతే, నాలుగుతో శేషం మూడే. కాబట్టి నాలుగు కోట్ల అంకెల ఆ సంఖ్యలో ఉన్నన్ని మొక్కలను రెండు చదరపు మడులుగా నాటడం ఎవరి తరమూ కాదు. 663 సాళ్ల మడి పక్కన 262 సాళ్ల మడి వేసే వీలు సూర్యాపేట సంఖ్యకు ఉంది, దానికి లేదు.